పెట్టెలో పిజ్జా దొరికింది

మా జిల్లాలో బస్సు రాని ఊళ్లున్నాయి. నీళ్లు రాని కుళాయిలున్నాయి. డాక్టరు రాని ఆసుపత్రులున్నాయి. పిజ్జా రాని ఊరు మాత్రం లేదు. ఓణీల ఫంక్షన్‌కి పిజ్జా, గృహప్రవేశానికి పిజ్జా, గట్టు తగాదాలో రాజీ కుదిరితే పిజ్జా. మొన్న ఒకరింట్లో పెద్దకర్మకి కూడా పెట్టారు. పోయినాయనకి చాలా ఇష్టమని కొడుకులు చెప్పారు. పోయినాయనకి పదేళ్లుగా పళ్లు లేవన్న సంగతి ఊరందరికీ తెలుసు. అయినా ఎవరూ అడగలేదు, పిజ్జా చల్లారిపోతుందని.

తిండి వచ్చాక పోలిక రాకుండా ఉంటుందా? రేవుపాలెం పిజ్జా దిండులా ఉంటుందని ఒకడు, చింతలమెట్ట పిజ్జా అప్పడంలా ఉంటుందని ఇంకొకడు. నిరుడు ముక్క పట్టి లాగితే చీజ్ మోచేతిదాకా సాగేదని, ఈ ఏడు పెదవి దాటడం లేదని, సాగుతున్నది ధర ఒక్కటేనని మరొకడు. టీ కొట్ల దగ్గర కులాల గొడవ తగ్గి పిజ్జాల గొడవ మొదలైంది. దీన్ని కూడా అభివృద్ధి కిందే రాసుకున్నారు.

ఆ సోమవారం అర్జీల రోజు. రేవుపాలెం వాళ్లం మేము, ఖాళీ బిందెలు పట్టుకుని కలెక్టరాఫీసు వరండాలో కూర్చున్నాం. మా వెనకాల పాండురంగారావు గారు, రిటైరైన రైల్వే గార్డు, నిలబడ్డారు. ఆయన చేతిలో స్టీలు టిఫిను డబ్బా, అందులో సగం కొరికిన పిజ్జా ముక్క. మా అర్జీకి రసీదు ఇచ్చారు. ఆయనకి కుర్చీ ఇచ్చారు.

"ఊరికో రుచి, ఊరికో రేటు. నిరుటి సరుకు ఈ ఏడు లేదు. నేను పెన్షన్ మీద బతికేవాణ్ణి. ఎక్కడ తినాలో గవర్నమెంటు తేల్చి చెప్పాలి" అన్నారాయన.

"మేము నీళ్లు యాడ తాగాలో తేల్చి చెప్పండి ముందు!" అని అరిచింది మా దానమ్మ.

బల్లకి అవతల కూర్చున్నాయన కొల్లా చంద్రమౌళి గారు, జిల్లా ఆహార సమానతా విభాగానికి ప్రత్యేకాధికారి. ఆ విభాగం ఎందుకు పెట్టారో అప్పటిదాకా ఎవరికీ తెలీదు, ఆయనతో సహా. ఏదో ఒక పని దొరక్కపోతుందా అని ఆయన రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి కూర్చుంటున్నారు. పాండురంగారావు గారి డబ్బా మూత తీయగానే ఆయన మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

"అమ్మా, నీటి సమస్య విధానపరమైనది. దానికి ఉన్నత స్థాయి నిర్ణయం కావాలి. పిజ్జా సమస్య క్షేత్రస్థాయిది. తక్షణ చర్య తీసుకోవచ్చు" అని దానమ్మకి నచ్చజెప్పారు.

తక్షణ చర్య అంటే జీపు. చంద్రమౌళి గారు, అటెండరు మస్తాన్‌వలి, డ్రైవరు కలిసి జిల్లా తూర్పు కొసన బయల్దేరి పడమటి కొసదాకా, దారిలో ఉన్న ప్రతి పిజ్జా దుకాణంలోనూ తిన్నారు. దీన్ని తులనాత్మక అధ్యయనం అన్నారు. నివేదిక వచ్చింది: "జిల్లాలో పిజ్జా నాణ్యత తూర్పు నుండి పడమరకు క్రమముగా క్షీణించుచున్నట్లు గమనించడమైనది. చిట్టచివరి దుకాణములోని పిజ్జాను కనులతో చూచుట సైతము దుర్భరముగా నున్నది."

పడమటి మండలాలు భగ్గుమన్నాయి. పడమటి ప్రాంతంపై వివక్ష నశించాలని బంద్ చేశారు. వెనకబడిన ప్రాంతాలకి ప్రత్యేక చీజ్ ప్యాకేజీ ఇవ్వాలన్నారు. దాంతో రెండో అధ్యయనం. ఈసారి జీపు పడమర నుంచి బయల్దేరింది. నాణ్యత పడమర నుంచి తూర్పుకి క్షీణిస్తున్నట్టు తేలింది. తూర్పు మండలాలు బంద్ చేశాయి.

మనబోటి మనిషైతే కడుపు తడుముకుని సంగతి అర్థం చేసుకునేవాడు. చంద్రమౌళి గారు అట్లా కాదు, చదువుకున్నవారు.

"రెండు నివేదికలూ సత్యమే" అని విలేఖరులతో అన్నారు. "సత్యములైన రెండు నివేదికలు పరస్పరం విభేదిస్తున్నాయంటే లోపం నివేదికల్లో లేదు. కొలబద్ద లేకపోవడంలో ఉంది. బంగారానికి గీటురాయి ఉంది. బియ్యానికి కాటా ఉంది. పిజ్జాకి ఏముంది?"

ఏమీ లేదని విలేఖరులు ఒప్పుకున్నారు.

అలా పుట్టింది ప్రామాణిక పిజ్జా. జిల్లా మొత్తానికి ఒక్కటే పిజ్జా. మిగతా పిజ్జాలన్నీ దాని పక్కన నిలబడి సరితూగాలి. సరితూగితే మొదటి తరగతి. తేడా వస్తే తప్పు. మూడు తప్పులైతే పొయ్యికి సీలు.

దానికి ఎవరి పిజ్జా ఎంచాలన్నది పెద్ద చర్చ కాలేదు. రెండు అధ్యయనాల్లోనూ ఒకే మాదిరి మార్కులు తెచ్చుకున్నది రేవుపాలెం కరుణమ్మ ఒక్కతే. రేవుపాలెం సరిగ్గా జిల్లా నడిమధ్యన ఉంది. జీపు ఎటు నుంచి వచ్చినా అక్కడికి చేరేసరికి సారు గారి కడుపు సగం నిండి ఉంటుంది. ఆమె పిజ్జా బాగుంటుంది కూడా. అది లెక్కలోకి రాలేదు.

కరుణమ్మ వాళ్ల నాన్న రేవుపాలెంలో రొట్టెల బట్టీ నడిపేవాడు. బన్నులు, రస్కులు, క్రిస్మస్‌కి కేకులు. ఇటుకతో, మట్టితో ఆయన చేత్తో కట్టిన పెద్ద పొయ్యి అది. సరుగుడు కట్టె వేస్తే గది గదంతా వెచ్చబడుతుంది. ఆయన పోయాక బన్నులు కొనేవాళ్లు తగ్గారు. కరుణమ్మ ఆ పొయ్యిలోనే పిజ్జా మొదలుపెట్టింది. ఉల్లిపాయ, పండుమిరప, చీజ్, అంతే. ఆమెకి పొలం లేదు, పుట్ర లేదు. ఆ పొయ్యి వెలిగితే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఎంపిక రోజున శాలువా కప్పారు, డప్పులు కొట్టించారు. అప్పుడే తీసిన పిజ్జాని చంద్రమౌళి గారు స్వహస్తాలతో గాజు పెట్టెలో పెట్టారు.

"సార్, చల్లారిపోద్ది. ముందు ఒక ముక్క తినండి" అంది కరుణమ్మ.

"ఇది తినేది కాదమ్మా. ఇకమీదట ఇది కొలిచేది."

"తినకుండా ఎట్టా కొలుస్తారు సార్?"

"తింటే తగ్గిపోతుంది. తగ్గిపోయేది ప్రమాణం ఎలా అవుతుంది?"

శాలువా సర్దుకుంది కరుణమ్మ.

ఊరేగింపుగా తీసుకెళ్లి దాన్ని సబ్ ట్రెజరీ స్ట్రాంగ్ రూములో పెట్టారు. ఒక పక్క స్టాంపు కాగితాలు, ఇంకో పక్క పదో తరగతి ప్రశ్నపత్రాలు, మధ్యలో పిజ్జా. తలుపుకి ఇద్దరు అధికారుల దగ్గర రెండు తాళం చెవులు. గుమ్మం ముందు తుపాకీ పట్టుకున్న కానిస్టేబులు. కాపలా పుస్తకంలో రాసుకోవాలి కాబట్టి అతను ఒక్కటే అడిగాడు: "చీజ్‌దా సార్, పన్నీర్‌దా?"

నెల తిరిగింది. మొదటి తనిఖీ. గాజు పెట్టెని జీపులో దుకాణం దుకాణానికీ తిప్పారు, వెనక తుపాకీ కానిస్టేబుల్‌తో సహా. రేవుపాలెం వచ్చేసరికి కరుణమ్మకి ఏ భయమూ లేదు. ఉన్నది తన పిజ్జాయే, పక్కన పెట్టేదీ తన పిజ్జాయే. నవ్వుతూ పొయ్యిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. చంద్రమౌళి గారు ఒక చెయ్యి దీని మీద, ఒక చెయ్యి దాని మీద పెట్టి కళ్లు మూసుకున్నారు.

"మీ పిజ్జా వేడిగా ఉందమ్మా."

"పొయ్యిలోంచి తీస్తే వేడిగా ఉండకేం చేసిద్ది సార్?"

"ప్రామాణికం చల్లగా ఉంది. వ్యత్యాసం. మస్తాన్‌వలీ, తప్పు ఒకటి రాసుకో."

"అది కూడా నేను చేసిందే గదండీ! మొన్న అదీ వేడిగానే ఉందిగా!"

"ఎవరు చేశారన్నది అప్రస్తుతం. అది ఇప్పుడు ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తి తన స్థితిని తాను నిర్ణయించుకుంటుంది."

రెండో తనిఖీ నాటికి ప్రామాణిక పిజ్జా బాగా ఎదిగింది. అంచులు పైకి లేచి చెప్పు అడుగులా గట్టిపడ్డాయి. పైన పచ్చగా నూగు పట్టింది. చంద్రమౌళి గారు దాన్ని కరుణమ్మ బల్లకేసి కొట్టారు. టకటకమంది. కరుణమ్మ పిజ్జాని కొట్టారు. చప్పుడు రాలేదు, చేతికి చీజ్ అంటుకుంది.

"ధ్వనిలో వ్యత్యాసం. పైగా ప్రామాణికం మీద పచ్చదనం కనిపిస్తోంది. మీ దాని మీద పచ్చదనమే లేదు. పర్యావరణ దృష్ట్యా కూడా ఇది శోచనీయం."

"సార్, అది బూజు!"

"అమ్మా, ప్రమాణాన్ని బూజు అనడం విడిగా ఇంకో తప్పు. మీ ముఖం చూసి రెండూ కలిపి ఒకటే రాయిస్తున్నాను."

ఇక ఒక్క తప్పు మిగిలింది. అది కూడా పడితే పొయ్యికి సీలు.

ఆ సాయంత్రం చింతలమెట్ట నుంచి సుధీర్ వచ్చాడు, స్కూటీ మీద. అక్కడ పిజ్జా దుకాణం అతనిదే. రెండు తనిఖీల్లోనూ మొదటి తరగతి. గుమ్మానికి సర్టిఫికెట్టు కట్టించాడు.

"అక్కా, నీ బాధ చూడలేక వచ్చా. చాలా తేలికక్కా. పిజ్జా చేసి డాబా మీద వడియాల పక్కన ఎండబెట్టు. రెండెండలు చాలు, గలగలలాడిద్ది. తర్వాత తడిగోనె కప్పి మూలన పడెయ్యి. పచ్చదనం దానంతటదే వచ్చేస్తది."

"ఎవరు తింటారు తమ్ముడూ దాన్ని?"

"తినటమేందక్కా? తనిఖీలో నిలబడితే చాలదూ? నువ్వు తినేవాళ్ల కోసం చేస్తన్నావు. అక్కడే వచ్చింది నీకు తంటా."

"మరి రేటెట్టా పెంచావు? అంతకంతకీ పైకి పోతంది!"

"నేనేడ పెంచాను? ప్రమాణ రుసుం. గాజు పెట్టె, జీపు డీజిలు, కాపలా కానిస్టేబులు జీతం, ఇద్దరు అధికారుల తాళాల భత్యం. అంతా కలిపి పిజ్జా మీద వేశారు. నీ దానికీ పడిద్ది, తప్పదు."

నిజమే. మొదటి అర్జీలో ఏముంది? ఊరికో రకంగా నాణ్యత తగ్గుతోంది, ఊరికో రకంగా ధర పెరుగుతోంది అని. ఆ అన్యాయం పూర్తిగా తొలగింది. ఇప్పుడు జిల్లా అంతటా నాణ్యత సమానంగా తగ్గింది, ధర సమానంగా పెరిగింది. రాజధానిలో చంద్రమౌళి గారికి సన్మానం జరిగింది.

అర్జీ పెట్టిన పాండురంగారావు గారు ఎంతో ఆశతో చింతలమెట్ట వెళ్లి మొదటి తరగతి పిజ్జా కొరికారు. కట్టుడు పళ్ల సెట్టు పిజ్జాలో ఉండిపోయింది, పిజ్జా చెక్కు చెదరలేదు. ఆయన మళ్లీ అర్జీ పెడితే, నాలుకను ప్రమాణానికి అలవాటు చేసుకోవలసిందిగా సమాధానం వచ్చింది. అప్పటి నుంచి ఆయన బోసినోటితో రేవుపాలెం వచ్చి కరుణమ్మ బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టారు. ఆయనొక్కరే కాదు. జనానికి జాబితా చదవడం వచ్చేసింది. ప్రభుత్వం వేసిన తరగతుల పట్టీని కింది నుంచి పైకి చదువుతున్నారు. అన్నిటికన్నా కింద కరుణమ్మ పేరుంది. ఆమె అరుగు మీద చోటు దొరకడం లేదు.

"రెండు తప్పుల పిజ్జా ఒకటి ఇయ్యి పిన్నీ" అని అడిగి మరీ తింటున్నారు.

మూడో నెల స్ట్రాంగ్ రూము తలుపు తీసేసరికి గాజు పెట్టె మూత పక్కకి జరిగి ఉంది. పెట్టెలో పిజ్జా లేదు. నాలుగు నల్లటి ఉండలున్నాయి. అవేమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ట్రెజరీ అధికారికి మాత్రం తెలియకూడదు.

"ఎలుక అని రాస్తే ఎలుక లోపలికి వచ్చిందని అర్థం" అన్నాడాయన చెమటలు తుడుచుకుంటూ. "ఎలుక లోపలికి వస్తే పక్కనున్న ప్రశ్నపత్రాల సంగతేంటని అడుగుతారు. పరీక్షలు మళ్లీ పెట్టాలి. నా రిటైర్మెంటు దగ్గరపడింది. నేను సంతకం పెట్టను."

"అయితే ఏమని రాద్దాం?" అన్నారు చంద్రమౌళి గారు.

ఇద్దరూ తలుపేసుకుని టీ తాగి, బయటికొచ్చి ప్రకటించారు: "ప్రామాణిక పిజ్జా యథాస్థితిలో భద్రముగా నున్నది."

యథాస్థితి అంటే ఖాళీ గాజు పెట్టె. అయ్యా, ఇక్కడ నవ్వకండి. ఆ పెట్టెని మళ్లీ జీపులో ఎక్కించి, తుపాకీ కాపలాతో ఊరూరా తిప్పారు. చింతలమెట్టలో సుధీర్ ఒక్క చూపు చూశాడు, అర్థం చేసుకున్నాడు. లోపలికెళ్లి ఒక ఖాళీ అట్టపెట్టె తెచ్చి వినయంగా బల్ల మీద పెట్టాడు. చంద్రమౌళి గారు మూత తీసి చూశారు. ఆయన కంట నీళ్లు తిరిగాయి. జిల్లా చరిత్రలో వంద శాతం సరితూగిన పిజ్జా అదే మొదటిది. ఆ వారంలోనే చింతలమెట్టలో ఓ పెళ్లి రిసెప్షన్లో ఏడొందల ఖాళీ పెట్టెలు పంచారు. పెళ్లికొడుకు తండ్రి కాంట్రాక్టరు. ఖాళీ పెట్టెకి పూర్తి ధర కట్టడం ఆయనకి వింతేమీ కాదు, ఎప్పుడూ అటువైపు నుంచి తీసుకునేవాడు, ఈసారి ఇచ్చాడు.

జీపు రేవుపాలెం వచ్చింది. అరుగు నిండా జనం. మేమూ ఉన్నాం. కరుణమ్మ అట్టపెట్టె తెచ్చి పెట్టింది. మస్తాన్‌వలి మూత తీశాడు. వేడి ఆవిరి అతని మొహాన కొట్టింది. చంద్రమౌళి గారు రెండడుగులు వెనక్కి వేశారు.

"పెట్టెలో ఏముంది?"

"పిజ్జా ఉంది సార్" అన్నాడు మస్తాన్‌వలి నెమ్మదిగా.

"పంచనామా రాయి. ఇద్దరు సాక్షుల సమక్షంలో పెట్టె తెరచి చూడగా అందులో పిజ్జా ఉన్నట్లు కనుగొనబడినది."

కరుణమ్మకి అప్పుడొచ్చింది కోపం. "పిజ్జా కొట్టులో పెట్టెలో పిజ్జా కాకపోతే పిల్లినెట్టమంటారా? తినేవాళ్లకి ఏం పెట్టను సార్, మీరే చెప్పండి!"

"ప్రమాణాన్ని పెట్టండి."

"ఖాళీ పెట్టె పెడితే మొహాన కొడతారు!"

"అది శాంతిభద్రతల విషయం. మా విభాగం పరిధిలోకి రాదు. మస్తాన్‌వలీ, తప్పు మూడు. ఈ రోజే, ఇప్పుడే పొయ్యికి సీలు వెయ్యండి."

జనం ఒక్కసారి లేచారు. మేము అడ్డం పడుకున్నాం. మమ్మల్ని ఈడ్చారు, మళ్లీ పడుకున్నాం. "మా నాన్న కట్టిన పొయ్యి సార్ అది, ఇంకేం లేదు నాకు" అని కరుణమ్మ గడ్డపారలా గుమ్మంలో నిలబడింది. కానిస్టేబులు తుపాకీ పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. అతను మొన్ననే అక్కడ తిన్నవాడే. చివరికి కరుణమ్మే పక్కకి తప్పుకుంది. "కానీండి. ఎట్టా వేస్తారో చూస్తా" అంది.

మస్తాన్‌వలి సంచి విప్పాడు. ఎర్ర గుడ్డ, పురికొస, లక్క కడ్డీ, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర. పొయ్యి ఇనప తలుపు మీద గుడ్డ పరిచి, పురికొస చుట్టి, లక్క కరిగించి బొట్టు పెట్టాడు. లక్క బొట్టు అక్కడ నిలవలేదు. తలుపు మీంచి ఎర్రగా జారి, అరుగు మీద పడి, అక్కడ గట్టిపడింది. ముద్ర వేద్దామని ఒత్తితే ముద్రతో పాటు వేలు కాలింది. ఎర్ర గుడ్డ అంటుకుని పొగ వచ్చింది.

"మళ్లీ వెయ్యి" అన్నారు చంద్రమౌళి గారు.

మళ్లీ వేశాడు. మళ్లీ జారింది. ఇటుక పొయ్యి అది. లోపల మంట ఆర్పినా రెండు రోజులు ఉడుకు పోదు.

"చల్లార్చండి!"

"నీళ్లు కొడితే ఇటుక పగిలిద్ది సార్" అంది కరుణమ్మ చేతులు కట్టుకుని. "పగిలితే సీలు దేనికి వేస్తారు?"

సీలు వేయబోయే ఆస్తిని ధ్వంసం చేయడం నేరమని చంద్రమౌళి గారికి తెలుసు. అగ్నిమాపక శాఖకి రాశారు. ఉండవలసిన చోట ఉన్న మంటను ఆర్పుటకు తమకు అధికారము లేదని వాళ్లు తిప్పి రాశారు. తాళం కప్ప వేద్దామంటే సీలు అంటే లక్కే అని నిబంధన. ఉత్తర్వులో ఏముందో ఆయన మళ్లీ చదువుకున్నారు: సీలు వేయవలెను. సీలు వేసేదాకా దుకాణం మూయాలని ఎక్కడా లేదు. రాసింది ఆయనే.

"సరే. పొయ్యి సహజముగా చల్లారువరకు సిబ్బంది ఇక్కడే మకాం వేయవలెను. చల్లారిన మరుక్షణం సీలు వేయవలెను" అని చెప్పి ఆయన జీపెక్కారు. మస్తాన్‌వలిని, కానిస్టేబుల్‌ని అక్కడే వదిలిపోయారు. ఆఫీసుకెళ్లి పొయ్యి చల్లార్పు పర్యవేక్షణ బృందం అని రెండు తాత్కాలిక పోస్టులు మంజూరు చేయించారు, రోజుకి బత్తాతో.

కరుణమ్మ పిండి కలిపింది. మా దానమ్మ ఇంటి నుంచి సరుగుడు కట్టెల మోపు తెచ్చి పొయ్యి పక్కన పడేసింది. పాండురంగారావు గారు చేతికర్ర ఊపుకుంటూ ఒక కట్టె తెచ్చారు. ఆ రోజు నుంచి అదే ఆచారమైపోయింది. పిజ్జాకొచ్చే ప్రతి మనిషి చేతిలో ఒక కట్టెముక్క. పొయ్యి చల్లారిన పూట లేదు. మస్తాన్‌వలి రోజుకి మూడు పూటలా తలుపు మీద లక్క బొట్టు పెట్టి చూస్తాడు. జారుతుంది. జారినట్టు పైకి తెలియజేస్తాడు. పైనుంచి పర్యవేక్షణ కొనసాగించమని వస్తుంది.

వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం ముసురు. జనం లేరు. కట్టెలన్నీ తడిసి మంట మొండికేసింది. కరుణమ్మ జ్వరంతో లోపల మంచం మీద ముడుచుకుని ఉంది. నేను గొడుగేసుకుని కంగారుగా వెళ్లాను. వెళ్లేసరికి కానిస్టేబులు తుపాకీ గోడకి ఆనించి, తన తలకింద పెట్టుకునే ఎండుగడ్డి మూట విప్పుతున్నాడు. మస్తాన్‌వలి మోకాళ్ల మీద కూర్చుని, బుగ్గలు ఉబ్బించి, పొయ్యిలోకి ఊదుతున్నాడు. మొహమంతా మసి.

"ఏంది మస్తానయ్యా ఇది? నువ్వు సీలు వేయటానికొచ్చినోడివి గదా!" అన్నాను.

"మెల్లగానండీ, ఆయమ్మ లేచిద్ది" అన్నాడు. పొయ్యిలోకి ఇంకో కట్టె తోసి, తలుపు మీద అరచెయ్యి ఆనించి చూసుకుని, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. మొహం తేటబడింది. "ఇది చల్లారితే మా పోస్టులు పోతయ్యండీ."